నమూనా గొంతు

సోమవారం పొద్దున ఫ్యాను గాలికి రెండో తరగతి వాచకంలో రెండు పేజీలు ఒకేసారి తిరిగిపోయాయి. పిల్ల మాత్రం ఆగలేదు.

"కప్ప గొడుగు కొంది. వాన రాలేదు. గొడుగు వేసుకుని రాయి మీద కూర్చుంది. అయినా వాన రాలేదు" అంటూ గడగడా చదువుకుపోతోంది. చూపుడువేలు అక్షరాల కింద ఒద్దికగా జరుగుతోంది. వాక్యం చివర కాసేపు ఆగుతోంది కూడా. కానీ వేలి కింద ఉన్నది కప్ప పాఠం కాదు. ఆ పేజీలో రైలింజను బొమ్మ ఉంది, దాని కింద రైలు గురించి నాలుగు ముక్కలున్నాయి. కప్ప వెనక పేజీల్లో ఎక్కడో ఉండిపోయింది.

కాఫీ గ్లాసుతో అటుగా వెళుతున్న తల్లి గుమ్మంలో నిలబడింది. మొదట ఆమెకు నవ్వొచ్చింది. పరధ్యానం అనుకుంది. పిల్ల ఇంకో పేజీ తిప్పి, అక్కడున్న మామిడిపండు బొమ్మ పక్కన వేలు పెట్టి, "కప్పకి కోపం వచ్చింది" అని కొనసాగించేసరికి ఆ నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది.

"టముకూ, రైలు పేజీ ఒకసారి చదవమ్మా."

ఇంట్లో ఏం జరిగినా వీధి చివరిదాకా చాటి చెప్పేది కాబట్టి ఆ పిల్లకి టముకు అని పేరు పడింది. పాలు పొంగినా టముకే, నాన్న చొక్కా బొత్తాం ఊడినా టముకే. అలాంటిది ఇప్పుడు పేజీ వంక చూసి, రైలు బొమ్మ వంక చూసి, గొంతు తగ్గించి, "రైలు వచ్చింది" అంది. పేజీలో ఆ మాట లేదు.

తల్లి గ్లాసు కింద పెట్టి పక్కన కూర్చుంది. ఒక చిన్న మాట కింద తన వేలు పెట్టింది. "ఇదేంటి?"

పిల్ల ఆ మాట వైపు చూడలేదు. అమ్మ పెదాల వైపు చూసింది. అవి ఎప్పుడు కదులుతాయా అని ఎదురుచూసింది. అమ్మ పెదాలు బిగించుకునే ఉన్నాయి. పిల్ల కళ్ళలోకి మెల్లగా నీళ్ళు ఊరాయి.

"నాకు కప్పదే వచ్చమ్మా" అంది.

తల్లికి గుండె గుభేలుమంది. పిల్ల తల నిమిరి, "ఏం కాలేదులే, వెళ్ళి ఆడుకో" అంది గానీ ఆ మాట తన గొంతులోంచి వచ్చినట్టే లేదు.

*

ఆఫీసులో ఆమెను అందరూ ప్లాను మేడమ్ అంటారు. మహమ్మారితో బళ్ళు మూతపడ్డ దగ్గర్నుంచి జిల్లాల అధికారులతో కూర్చుని, ఇంటి దగ్గర చదువు ఎలా సాగాలో ప్రణాళికలు రాయించడం ఆమె పని. ఫోనున్న ఇంటికి వీడియో పాఠం. ఫోను లేని పిల్లల కోసం టీచరే వెళ్ళి ఎవరో ఒకరి వాకిట్లో నలుగురిని ఎడంగా కూర్చోబెట్టి చెప్పడం. ఇదంతా పదిమందీ కలిసి రాసింది. ఒక్క ముక్క మాత్రం పూర్తిగా ఆమె సొంతం. కళ్ళెదుట లేని పిల్లలకు చదవడం వస్తోందో లేదో ఎలా చూడటం అని జిల్లాలన్నీ తలలు పట్టుకున్నప్పుడు, "పాఠం చదివి గొంతు రికార్డు చేసి పంపమందాం" అన్నది ఆమే. టీచరు వీడియోలో ముందు చదివి వినిపిస్తుంది, పిల్లలు చదివి పంపుతారు, టీచరు విని టిక్కు పెడుతుంది.

డైరెక్టరు బల్ల చరిచి మెచ్చుకున్నాడు. ఆయన్ను అందరూ పెద్దసారు అంటారు. "మా మనవడు కూడా కప్ప పాఠం నీళ్ళు తాగినట్టు చదివేస్తున్నాడమ్మా" అని ప్రతి మీటింగులోనూ చెప్పుకునేవాడు.

టిక్కులు నిండుగా వచ్చేసరికి పెద్దసారుకు ఇంకా ఉత్సాహం వచ్చింది. ఇక వాకిళ్ళలో చదువులు ఆపేద్దాం, తిరగలేక టీచర్లు చస్తున్నారు, ఆ పిల్లలకూ ఎలాగో ఫోన్లు ఇప్పిద్దాం, గొంతు పంపినవాళ్ళందరినీ పై తరగతిలో కూర్చోబెడదాం అన్నాడు. గురువారం మీటింగులో జిల్లాలు సరే అంటే వచ్చే ఏడాదంతా ఇదే పద్ధతి. అక్కడ వినిపించడానికి ఒక నమూనా గొంతు కావాలంటే ఆమె టముకు రికార్డు ఇచ్చింది. ఎవరి పిల్లో చెప్పలేదు. కాకిపిల్ల కాకికి ముద్దే గానీ, టముకు గొంతు నిజంగానే గంట కొట్టినట్టు ఉంటుంది.

టీచరు ముందు చదివి వినిపిస్తుంది. ప్రణాళికలో ఆ వాక్యాన్ని ఆమె ఇప్పుడు చూస్తూ కూర్చుంది. వినిపించాక ఇక చదవాల్సిన అవసరం ఏముంది? ఇంత చిన్న సంగతి తనకు తట్టలేదు, జిల్లాల్లో ఉన్న మహామహులకూ తట్టలేదు. పిల్లలకు తట్టింది.

మధ్యాహ్నం ఆమె టముకు టీచరుకు ఫోను చేసింది.

"మీ ప్లానులో ఉన్నట్టే చేశాను మేడమ్" అంది టీచరు, ఇంకా ఏమీ అడక్కముందే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ తొందర.

"మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదండీ. మా పాప చదవట్లేదు. అప్పజెబుతోంది. మీకు ఎప్పుడూ అనుమానం రాలేదా?"

అవతల కుక్కరు కూత వినిపించింది. టీచరు వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది.

"వచ్చింది మేడమ్. పాఠంలో నేనొకచోట పొరపాటున గొడుగు బదులు గొడ్డలి అన్నాను. మళ్ళీ సరిచేసి చదివాను. పంపిన రికార్డుల్లో సగంమంది గొడ్డలి అని, ఆగి, గొడుగు అన్నారు. నేను దగ్గితే దగ్గారు కూడా."

నవ్వాల్సిన మాటే. ఇద్దరిలో ఒక్కరికీ నవ్వు రాలేదు.

"మరి వాకిట్లో కూర్చునే పిల్లలు?"

"వాళ్ళు చదువుతారు మేడమ్. ఎదురుగా కూర్చుంటాను కదా, ఏ పేజీ పెట్టినా తంటాలు పడి చదువుతారు. ఫోనున్న పిల్లలే ఇలా అయిపోయారు." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "నా పేరు మాత్రం ఎక్కడా రానివ్వకండి. టిక్కులు నేనే పెట్టాను. ఇప్పుడు కాదంటే ముందు తెగేది నా మెడే."

సాయంత్రం భర్త ఇంటికొచ్చాక ఆయనకు చెప్పింది. ఆయన నీళ్ళ సరఫరా ఆఫీసులో పని చేస్తాడు, రోజంతా పంపుల చప్పుడులో ఉండి ఇంటికి రాగానే నిశ్శబ్దం కోరుకుంటాడు.

"ఏడేళ్ళ పిల్ల. వస్తుందిలే" అన్నాడు చెప్పులు విప్పుతూ. "పిల్లలందరూ బ్రహ్మాండంగా చదువుతున్నారని మొన్నే కదా నువ్వు చెప్పావు?"

ఆమె లేచి ఆయనకు మంచినీళ్ళు తేవడానికి వెళ్ళింది.

*

మంగళవారం టముకు పుస్తకం కనపడలేదు. వెతగ్గా వెతగ్గా పరుపు కింద దొరికింది. పిల్ల పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా అరవలేదు. పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే చూస్తూ నిలబడింది, ఎవరికీ చెప్పలేదు. పాలు పోయినందుకు కాదు గానీ, పిల్ల నోరు మూతపడినందుకు ఆమెకు భయమేసింది. ఇలాగే మూడో తరగతిలో కూర్చుంటుంది, అయిదో తరగతిలో కూర్చుంటుంది. పుస్తకం తెరవమన్నప్పుడల్లా పక్కవాళ్ళ పెదాల వైపు చూస్తుంది. పెదాలు కదలని చోట ఏం చేస్తుంది?

భయం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టదు. మధ్యాహ్నం అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, పాఠం టైములో మీరు దాని పక్కనే కూర్చుంటున్నారు కదా. రోజూ. ఒక్కసారైనా చూడలేదా?"

అత్తగారు దిండు గలీబు అంచులు కలుపుతోంది. కలిపిన అంచులు అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"చూశాను."

"చూసి?"

ఆవిడ గలీబును మడతపెట్టింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడతపెట్టింది. 

"ఎప్పుడో చూశానమ్మాయ్. దాని వేలు చూశాను. పుస్తకంలో మాట చిన్నదైనా పెద్దదైనా దాని వేలు ఒకేలా జరిగిపోతుంది. చదివేవాళ్ళ వేలు అలా జరగదు. నీ వేలు అలా జరగదు. నా వేలే అలా జరుగుతుంది."

కోడలికి వెంటనే అర్థం కాలేదు. ఈ ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి అత్తగారిని చూస్తూనే ఉంది. పొద్దున్నే పేపరు ముందేసుకుని కూర్చుంటుంది. ఎవరైనా కాగితం చేతికిస్తే, "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో, నువ్వే చదివి చెప్పు" అంటుంది. కళ్ళజోడు ఎప్పుడూ దొరకదు. ఆ సంగతి మీద ఇంట్లో ఎన్ని జోకులు వేసుకున్నారో లెక్కలేదు.

"అత్తయ్యా, మీకు..."

"రాదు" అంది ఆవిడ. చాలా చిన్నగా అంది, పక్కగదిలో పిల్ల వింటుందేమోనని. "సంతకం వచ్చు. ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను. మీ ఆయన చిన్నప్పుడు వాడి మార్కుల కాయితాల మీద పెట్టేదాన్ని. వాడిక్కూడా తెలీదు."

"ఇన్నేళ్ళూ?"

"మందుల అట్ట రంగు బట్టి చూసుకుంటాను. బస్సెక్కేటప్పుడు, ఇది అటే కదా అని పక్కవాళ్ళతో మాట కలుపుతాను. ఎవరైనా కాయితం పట్టుకుని నా వైపు వస్తుంటే పొయ్యి చూడాలని వంటింట్లోకి పోతాను. ఇప్పటికీ పోతాను. పెళ్ళి చూపులప్పుడు మీ నాన్న నీ చదువు కాయితాలు నా చేతిలో పెట్టాడు, గుర్తుందా? బాగున్నాయన్నాను. తలకిందులుగా పట్టుకున్నానేమోనని ఆ రోజంతా చచ్చాను."

ఆమెకు గుర్తుంది. అత్తగారు ఆ కాగితాలను అంతసేపు చూస్తే, ఎంత గట్టి మనిషో అని తాను భయపడింది. భయం ఎవరిదో ఇప్పుడు తెలిసింది.

"మరి పిల్ల సంగతి నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెప్తే, మీకెలా తెలిసిందని అడుగుతావుగా" అంది ఆవిడ. మడతపెట్టిన గలీబు ఒళ్ళో పెట్టుకుని దాని మీద చెయ్యి రాస్తూ ఉండిపోయింది. "నోటిదాకా వచ్చేది. నా బతుకు దాచుకోవడానికి దాని బతుకు మీద గుడ్డ కప్పాను. నన్నేమన్నా అను, పడతాను."

అనడానికి తనకు మొహం లేదని కోడలికి అప్పటికే తెలిసిపోయింది. గురువారం తానూ అదే గుడ్డ కప్పబోతోంది, పెద్ద గుడ్డ, జిల్లాలన్నిటికీ సరిపోయేంత.

*

బుధవారం పెద్దసారుకు ఫోను చేసింది. ఏం చెప్పాలో ముందే అనుకుని, గోడ వైపు తిరిగి ఒకసారి చెప్పుకుని మరీ చేసింది.

"సార్, గొంతు రికార్డుల గురించి చిన్న అనుమానం..."

"అనుమానాలు నిన్నటిదాకా అమ్మా" అన్నాడాయన హుషారుగా. "రేపు జిల్లాలు సరే అనగానే ఫైలు పైకి వెళ్ళిపోతుంది. మీ ఉద్యోగం గడువు పొడిగించి ఇక్కడే కొనసాగించే కాగితం కూడా రేపే సంతకం పెడదామని పక్కన పెట్టాను. ఇంత మంచి ఆలోచన ఇచ్చి మీరే వెనక్కి లాగుతారేంటి? ఒడ్డుకు వచ్చాక పడవకు చిల్లులు వెతక్కండి."

"లేదు సార్, ఆ నమూనా గొంతు..."

"అద్భుతం. మా ఇంట్లో అందరికీ వినిపించాను. రేపు అది విన్నాకే మిగతా మాట."

ఫోను పెట్టేశాక ఆమె పెద్దసారు నంబరు మళ్ళీ తెరిచింది. మెసేజు రాసింది. చెరిపింది. మళ్ళీ రాసి, టీచరు మెడ గుర్తొచ్చి చెరిపింది. పిల్ల గుర్తొచ్చింది. ప్లాను మేడమ్ కూతురికే చదవడం రాదంట అని జిల్లా జిల్లాకీ పాకుతుంది. దీపం కింద చీకటి అంటారు. రేపు బడి తెరిచాక పిల్లలు కూడా అంటారు. వద్దు. ఆ గొంతు తీసేసి వేరే ఎవరిదో పెడితే? ఆ పిల్ల మాత్రం చదువుతోందని ఎవరు చెప్పొచ్చారు? కుడితిలో పడ్డ ఎలుకలా ఎటు ఈదినా అదే గోడ తగులుతోంది. సాయంత్రానికి చేసిన పని ఏమిటంటే, ఏమీ చేయకపోవడం.

*

గురువారం పడకగదిలో కిటికీ ముందు బల్ల వేసుకుని మీటింగులో కూర్చుంది. తెర నిండా ముఖాలు. ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క చదరం. కొండ జిల్లా మేడమ్ ఎప్పటిలాగే శాలువా కప్పుకుని ఉంది. మధ్యలో పెద్దసారు, వెనక పుస్తకాల బీరువా. మొదట్లో ఆయన మనవడు కాబోలు, బీరువా పక్కనుంచి తొంగిచూస్తే ఆయన చెయ్యి విదిలించి పంపేశాడు.

నమూనా గొంతు వినిపించారు.

"కప్ప గొడుగు కొంది. వాన రాలేదు." స్పీకర్లోంచి టముకు గొంతు గది నిండా మోగింది. మూడు రోజులుగా ఇంట్లో వినపడని గొంతు అది. "కప్పకి కోపం వచ్చింది. గొడుగు మడిచి ఇంటికి వెళ్ళింది. అప్పుడు వాన వచ్చింది."

అక్కడక్కడా చప్పట్లు మోగాయి. శాలువా మేడమ్ కళ్ళు తుడుచుకుంది.

"చూశారా! ఈ పిల్లను మళ్ళీ వాకిట్లో కూర్చోబెట్టి చెప్పాలా?" అన్నాడు పెద్దసారు. "ప్లాను మేడమ్, మైకు తెరవండి. మీ నోటితో రెండు ముక్కలు చెప్పండి, తర్వాత జిల్లాలవాళ్ళ మాట తీసుకుందాం."

ఆమె మైకు తెరిచింది. "అందరికీ నమస్కారం" అంది. తర్వాతి మాట రాలేదు. ముందే రాసి పెట్టుకున్న రెండు ముక్కలు కళ్ళెదుట ఉన్నాయి. చదివితే చాలు, అయిపోతుంది.

హాల్లో అత్తగారి గొంతు వినిపిస్తోంది. తలుపు దగ్గరగా వేసే ఉంది గానీ సందులోంచి మాటలు జారి వస్తున్నాయి. 

"ఈ పేజీ నాక్కాస్త చదివిపెట్టవే."

"నాకు రాదు నానమ్మా."

"నాకూ రాదే."

"అబద్ధం. పెద్దవాళ్ళకి వచ్చు."

"ఒట్టు. నాకు ఒక్క ముక్క రాదు. కళ్ళజోడు పోలేదు ఎప్పుడూ. వంటింట్లోకి రా, పోపుల డబ్బా వెనక దాచుకుంటాను. చూడు."

అడుగులు వంటింట్లోకి వెళ్ళాయి. డబ్బా జరిపిన చప్పుడు. తర్వాత, సోమవారం నుంచి లోపల బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా, ఇల్లు ఎగిరిపోయేట్టు వచ్చింది.

"అమ్మా! నానమ్మకి చదవడం రాదంట! నాకూ రాదు! మా ఇద్దరికీ రాదు!"

తెర మీద రెండు మూడు ముఖాలు నవ్వాయి. పెద్దసారు కూడా నవ్వాడు. "ఇల్లన్నాక తప్పదులెండి. ఏమంటోందమ్మా మీ పాప? సరిగ్గా వినపడలేదు."

సరిగ్గా వినపడలేదు. ఆమెకు ఆ మాట ఒక్కటే వినిపించింది. ఆడుకుంటోంది సార్ అంటే చాలు. ఎవరూ రెండోసారి అడగరు. వేలు మైకు గుర్తు మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. అత్తగారు ఇన్నేళ్ళు మోసిన దాన్ని ఇప్పుడు ఏడేళ్ళ పిల్ల ముందు దించేసింది. తాను ఇంకా పట్టుకుని కూర్చుంది.

వేలు వెనక్కి తీసింది.

"తనకి చదవడం రాదంటోంది సార్" అంది. "మీరిప్పుడు విన్న గొంతు దానిదే. నమూనా గొంతు మా పాపదే. పాఠం మొత్తం టీచరు వీడియోలో విని పట్టేసింది. పుస్తకం ముందు పెట్టుకుంటుంది, వేలు కూడా జరుపుతుంది. రైలు పేజీ పెట్టినా కప్పదే చెప్తుంది."

పెద్దసారు ముఖంలో నవ్వు పోలేదు గానీ అలాగే అతుక్కుపోయింది. "ఒక్క పిల్ల గురించి..."

"ఒక్క పిల్ల కాదు సార్. పద్ధతే అలా ఉంది. పెట్టింది నేను. తప్పు నాది, టీచర్లది కాదు." ఆమె రాసి పెట్టుకున్న రెండు ముక్కలను పక్కకు నెట్టేసింది. "నా మాట మీద ఎవరూ నమ్మక్కర్లేదు. మీ ఇళ్ళల్లో చిన్నపిల్లలుంటే, ఎప్పుడూ వినని పేజీ ఒకటి ఇచ్చి చూడండి."

అయిపోయింది అనుకుంది. కొలువు పోయింది, పరువు పోయింది.

శాలువా మేడమ్ మైకు తెరిచింది. "మా మనవరాలు ఇక్కడే ఉంది. ఒక్క నిమిషం" అంది. లేచి వెళ్ళిపోయింది. ఆమె చదరంలో ఖాళీ కుర్చీ మిగిలింది.

మరో చదరంలో ఒకాయన ఏమీ చెప్పకుండానే లేచాడు. ఇంకొకావిడ, "బాబూ, ఇలా రా" అని పక్కకు పిలిచి తెర ఆపేసింది. ఒకటొకటిగా కుర్చీలు ఖాళీ అవుతున్నాయి.

"ఇదేంటి, మీటింగు మధ్యలో..." అన్నాడు పెద్దసారు. ఎవరి కోసమో చూసినట్టు అటూ ఇటూ చూశాడు. తర్వాత బీరువా వైపు తల తిప్పాడు. చాలాసేపు అటే చూశాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, లేచాడు.

శాలువా మేడమ్ అందరికంటే ముందు తిరిగి వచ్చింది. కూర్చుంది. శాలువా భుజాల మీదికి లాక్కుంది. మైకు తెరవలేదు. ఏం చూసిందో అడగాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

పెద్దసారు మైకు కట్టేయడం మరిచిపోయాడు. ఖాళీ కుర్చీ వెనకనుంచి, ఎక్కడో లోపలి గదిలోంచి, ఒక పిల్లవాడి గొంతు గడగడా వస్తోంది.

"కప్ప గొడుగు కొంది. వాన రాలేదు. గొడుగు వేసుకుని..."

"అది కాదు నాన్నా" అన్నాడు పెద్దసారు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండటం ఆఫీసులో ఎవరూ వినలేదు. "అది కాదు. ఇది. ఇక్కడ, నా వేలు దగ్గర. ఇదేంటో చెప్పు."

పిల్లవాడు ఆగాడు. తెర మీద మిగిలినవాళ్ళంతా తలలు దించుకుని విన్నారు. కాసేపటికి ఆ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి చాలా చిన్నగా, భయం భయంగా వచ్చింది.

"కప్ప గొడుగు కొంది" అంది.